చెల్లి పెళ్లి శుభలేఖకి సన్నటి చేతిరాత ఫాంట్: తెలుగులో దొరుకుతుందా?

వాల్తేరు అక్క

నమస్కారం అండీ. మాది పెదవాల్తేరు. మాఘంలో మా చెల్లి పెళ్లి. శుభలేఖల పని నాకు అప్పగించారు. "నువ్వు రోజంతా కంప్యూటర్ ముందే కదా కూర్చుంటావు" అని ఇంట్లోవాళ్ల లాజిక్. నేను చేసేది ఎక్సెల్ పని, డిజైన్ కాదు అంటే ఎవరూ వినడం లేదు.

మా ఆఫీసులో ఒకమ్మాయి ఇంగ్లీషులో కార్డు వేయించింది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు చాలా సన్నటి చేతిరాతలో ఉన్నాయి. పేరు మొదటి అక్షరం పెద్ద మెలిక తిరిగి, చివరి అక్షరం తోక పక్క పేరు దాకా సాగింది. ఆ ఫాంట్ పేరు గ్రేట్ వైబ్స్ అని తర్వాత తెలిసింది. నాకు అచ్చం అలాంటిదే తెలుగులో కావాలి. అమ్మ తెలుగు కార్డు తప్ప ఒప్పుకోదు. పైన సింహాద్రి అప్పన్న బొమ్మ, దాని కింద "శ్రీ వరాహ లక్ష్మీ నరసింహ స్వామి ప్రసన్నః", ఆ కింద "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు", తర్వాత "జానక్యాః కమలామలాంజలిపుటే" శ్లోకం, ఇవన్నీ ఉండి తీరాలట.

డాబా గార్డెన్స్ దగ్గర ఒక కార్డుల షాపుకి వెళ్లాను. అక్కడి అబ్బాయి మా పెళ్లినాటి కార్డు మీద ఉన్న అక్షరాలే మళ్లీ చూపించాడు. "ఇంకోలాంటివి లేవా" అంటే "ఇవే అందరూ వేయించుకుంటారు మేడమ్" అన్నాడు. ఇంటికొచ్చి గూగుల్ ఫాంట్స్‌లో ఏవో దించుకుని ఇల్లస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. "లక్ష్మీ" అని కొడితే లక్, ష్, మీ అని మూడు ముక్కలైంది. పైగా మా చెల్లి పేరు ఇక్కడ రాయను గానీ, చివర్లో "త్స్న" వస్తుంది. మీకు అర్థమైపోయే ఉంటుంది.

ఏ ఫాంట్ వాడాలి? కార్డంతా అదే వాడొచ్చా? బంగారు రంగు ఫాయిల్‌లో వేయిస్తే సన్నటి గీతలు నిలుస్తాయా? కాస్త బేగి చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

---

ఫాంట్ పిచ్చోడు

ముందు వత్తుల సంగతి. తప్పు ఫాంట్‌ది కాదు, ఇల్లస్ట్రేటర్ సెట్టింగ్‌ది. ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి "షో ఇండిక్ ఆప్షన్స్" టిక్ పెట్టండి. తర్వాత మీ టెక్స్ట్ సెలెక్ట్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మూలన ఉన్న మెనూలో సౌత్ ఏషియన్ అని పేరున్న కంపోజర్ ఎంచుకోండి. వెర్షన్‌ని బట్టి ఆ పేరు కొంచెం మారుతుంది. ఫొటోషాప్ అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లోనే "వరల్డ్ రెడీ లేఅవుట్" అని ఉంటుంది. లక్ష్మీ వెంటనే దారికొస్తుంది.

ఇక ఫాంట్లు. గూగుల్ ఫాంట్స్‌లో "లక్కిరెడ్డి" చేతిరాత తరహాది, ఆహ్వానాలకీ పోస్టర్లకీ పనికొస్తుంది. "గిడుగు" కూడా చూడండి. రెండూ 2013లో తయారై సిలికానాంధ్ర సంస్థ అందించిన వరుసలోవి. అదే వరుసలో "గురజాడ" కూడా ఉంది, కానీ అది హెడ్డింగుల బాపతు. మన ఉత్తరాంధ్ర పెద్దమనుషుల పేర్లు ఫాంట్ల మెనూలో కనబడితే నాకు ఎందుకో భలే సరదాగా ఉంటుంది. అన్నీ ఓపెన్ లైసెన్స్‌వి, ప్రింటుకీ వ్యాపారానికీ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఊరూపేరూ లేని సైట్లలో "ఫ్రీ" అని ఇచ్చే స్క్రిప్ట్ ఫాంట్లు మాత్రం చాలావరకు సొంత వాడకానికే. ఆ సంగతి జిప్ ఫైల్లో ఒక మూల రాసి ఉంటుంది.

చేతిరాతే అని పట్టు లేకపోతే "అనెక్ తెలుగు" థిన్ వాడి చూడండి. చాలా సన్నగా, నీట్‌గా ఉంటుంది.

---

పాత డీటీపీ

పైన తమ్ముడు చెప్పిన సెట్టింగ్ కరెక్టు. ఫాంట్ల విషయంలో మాత్రం నాది వేరే మాట. నేను పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను. ఇప్పటికీ పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పొద్దుపోయేదాకా శుభలేఖలే కొడుతుంటాను.

అమ్మా, ఆ ఇంగ్లీషు కార్డు ఇంకోసారి చేతిలోకి తీసుకుని చూడండి. సన్నటి రాత ఎన్ని మాటలకి వాడారు? రెండు పేర్లకే అయి ఉంటుంది. ముహూర్తం, కల్యాణమండపం, తల్లిదండ్రుల పేర్లు మామూలు నిలువు అక్షరాల్లో ఉంటాయి. ఆ కార్డుకి అందం వచ్చింది ఫాంట్ వల్ల సగమే. దాని చుట్టూ వదిలిన తెల్ల కాగితం వల్ల మిగతా సగం. మీ అమ్మగారు చెప్పిన జాబితా అంతా ఆ రాతలోనే వేస్తే తాంబూలాలు తీసుకునేవాళ్లు కాదు, కళ్లద్దాలు వెతుక్కునేవాళ్లే మిగుల్తారు.

అలాంటిదే తెలుగులో ఎందుకు లేదంటే, లోపం మన వాళ్లది కాదు. ఆ ఇంగ్లీషు రాత మొనదేలిన పాళీతో పుట్టింది. చెయ్యి కిందికి దిగేటప్పుడు పాళీ నొక్కితే గీత లావు, పైకి లేచేటప్పుడు సన్నం. ఇంగ్లండులో 17, 18 శతాబ్దాల్లో రాత పంతుళ్లు దాన్ని బడిపిల్లలకీ గుమాస్తాలకీ నేర్పారు. అందులో చార్లెస్ స్నెల్ అనే ఆయన రాతని పట్టుకుని మాథ్యూ కార్టర్ 1960ల్లో "స్నెల్ రౌండ్‌హ్యాండ్" ఫాంట్ చేశాడు. హెర్మన్ జాఫ్ అనే జర్మన్ పెద్దాయన 1998లో చేసిన "జాఫినో"ని మాక్ కంప్యూటర్లు వాడేవాళ్లు చూసే ఉంటారు. ఇవన్నీ మూడు సదుపాయాల మీద నిలబడ్డాయి. వాళ్ల అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ, కాబట్టి లావు సన్నాల తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చిన్నక్షరాలన్నీ దాదాపు ఒకే ఎత్తులో ముగుస్తాయి, కాబట్టి పక్కదానితో కలపడం తేలిక. పేరు మొదట్లో పెద్దక్షరం వస్తుంది, కాబట్టి మెలికలన్నీ దాని మీద పెట్టొచ్చు.

మనకి ఆ మూడూ లేవు. మన అక్షరం గుండ్రన. నిలువు గీత అనేది వెతికినా పెద్దగా దొరకదు. పెద్దక్షరం, చిన్నక్షరం అన్న గొడవే లేదు. పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. మీ చెల్లి పేరులో "త్స్న" అదే. ఇంగ్లీషు ఫాంట్ చేసేవాడు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, అంకెలు, కొన్ని ప్రత్యామ్నాయ రూపాలు గీస్తే బండి నడుస్తుంది. తెలుగుకి గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు అన్నీ కలిపి వందల్లో గీయాలి. పైగా అవన్నీ ఒకదానిలోంచి ఒకటి సాగుతున్నట్టు ఉండాలంటే, ప్రతి అక్షరం చివర ఎక్కడ ఆగుతుందో, దాని పక్కన ఏ వత్తు అడ్డొస్తుందో చూసుకోవాలి. అంత చాకిరీ చేసి ఫాంట్ అమ్మితే ఎంతమంది కొంటారు? మన షాపుల్లో ఫాంట్ కొనడం అనే అలవాటే లేదు, ఒకరి పెన్‌డ్రైవ్‌లోంచి ఇంకొకరికి వెళ్లడమే.

కలిపి రాయడం మనకి తెలియదని మాత్రం అనుకోవద్దు. గొలుసుకట్టు అని ఉండేది. కరణాలు లెక్కలు, దస్తావేజులు కలం ఎత్తకుండా అలాగే రాసేవారు. పాత క్రయ దస్తావేజులు ఇంట్లో ఉంటే తీసి చూడండి. చూడ్డానికి బలే ఉంటుంది, చదవడానికి పెద్దవాళ్లని బతిమాలుకోవాలి. శుభలేఖకి అది పనికిరాదు.

ఇప్పుడు షాపు అబ్బాయి చూపించిన అక్షరాలు. అవి బహుశా బాపు గారి రాత మీద చేసినవి అయి ఉంటాయి. ఆయన చేతిరాతే ఫాంట్ అయ్యి రాష్ట్రమంతా శుభలేఖల మీదికి ఎక్కింది. మంచి అక్షరాలు, నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ వాటిలో విసురు ఉంటుంది, మీరు అడిగే నాజూకుతనం వేరు. లక్కిరెడ్డి కూడా అంతే, కబుర్లు చెబుతున్నట్టు ఉంటుంది. పిల్లాడి మొదటి పుట్టినరోజుకి కళ్లుమూసుకుని వాడతాను, పెళ్లికూతురి పేరుకి వాడను. అనెక్ థిన్ సన్నగా ఉంటుంది, నిజమే. కానీ అది కంపాస్‌తో గీసినట్టు ఒకే మందం. చెయ్యి వాసన రాదు.

కాబట్టి నా సలహా: ఫాంట్ కోసం వెతకడం ఆపి, రెండు పేర్లూ చేత్తో రాయించండి. రెండు పేర్లే కదా, ఫాంట్ అవసరం ఏముంది? మిగతా కార్డంతా శుభ్రంగా చదివించే అక్షరాల్లో వేయండి. మండలి బాగుంటుంది, నోటో సెరిఫ్ తెలుగు బాగుంటుంది, తిరో తెలుగు ఇంకా నిండుగా ఉంటుంది.

రాసేవాళ్లకి ఒక మాట చెప్పండి. మెలిక ఎక్కడ పెట్టాలో తెలుగుకి దాని సొంత చోట్లు ఉన్నాయి. "శ్రీ"లో క్రావడి ఎడమవైపుకి ఎంత సాగదీసినా కళ్లకి హాయిగానే ఉంటుంది. పాతకాలం బోర్డు ఆర్టిస్టులు అక్కడే తమ పనితనం చూపించేవారు. గుడి దీర్ఘం పైన ఒక చిన్న చుట్టు, పేరు చివర కొమ్ము దీర్ఘం ఉంటే దాని తోక, తలకట్టు చివర చిన్న విసురు, ఇవి చాలు. "త్స్న" లాంటి చోట రెండు వత్తుల్నీ నిలువుగా ఒకదాని కింద ఒకటి వేలాడదీయకుండా, రెండోదాన్ని కొంచెం కుడికి జరిపి చిన్నగా రాయమనండి. అచ్చు ఫాంట్ చేయలేనిదీ, చెయ్యి చేయగలిగేదీ అదే. అక్షరాల్ని బలవంతంగా కలపొద్దు. పక్కపక్కన ఊపిరి పీల్చుకునేంత చోటు ఇస్తే కలిసినట్టే కనబడతాయి.

కొలత: కార్డు మీద పేరు ఎంత పొడవు రావాలో దానికి రెట్టింపు కంటే పెద్దగా రాయించొద్దు. చాలామంది చార్టు మీద ఇంత పొడుగున రాసి తెస్తారు. తగ్గించగానే సన్నగీతలు మాయమైపోతాయి. నల్ల ఇంకు, నున్నటి తెల్ల కాగితం. 600 డీపీఐలో స్కాన్. తర్వాత కోరల్‌లో గానీ ఇల్లస్ట్రేటర్‌లో గానీ ట్రేస్ చేసి, వంకర పాయింట్లు తీసేసి, కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా, ప్రెస్‌కి ఇవ్వండి. ఆఖర్లో మొత్తం టెక్స్ట్ కూడా కర్వ్స్ చేయాలి. లేకపోతే వాళ్ల సిస్టమ్‌లో మీ ఫాంట్ ఉండదు, విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంట్‌లోనో దేన్లోనో అచ్చయి వస్తుంది.

ఫాయిల్ గురించి ప్రెస్ వాళ్లే బాగా చెబుతారు, ఇక్కడ ఎవరైనా ఉన్నారేమో.

---

గాజువాక బోర్డులు

నేను ప్రెస్ కాదు గానీ స్క్రీన్ ప్రింటింగ్, బోర్డులు రెండూ చేస్తాను. ఫాయిల్ అంటే లోహపు బ్లాకు వేడెక్కించి రేకుని కార్డు మీద అద్దడం. మరీ సన్నగీత అయితే మధ్యలో తెగుతుంది. రెండు గీతలు మరీ దగ్గరగా ఉంటే వాటి మధ్య సందు పూడిపోతుంది. మన వత్తుల్లోపలి చిన్న చిన్న గుండ్రాలు ముందు పోయేవి. ఆఫ్‌సెట్‌లో పావు పాయింట్ (పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు) గీత నిలుస్తుంది, ముదురు రంగు మీద తెల్లగా వదలాలంటే అర పాయింట్ ఉండాలి. స్క్రీన్ మీద బంగారు ఇంకు అయితే ఒక పాయింట్ ఉంటే నిశ్చింత. ఆ ఇంకులో మెరుపు రేణువులు లావుగా ఉంటాయి, సన్నటి జాలీలోంచి సరిగ్గా దిగవు. గరుకు కార్డు, చేతికాగితం లాంటివి ఎంచుకుంటే ఇంకా కష్టం, గుంటల్లోకి రంగు దిగక గీత చుక్కలు చుక్కలుగా వస్తుంది.

ఇంకోటి. కార్డు నాలుగు మూలలా పసుపు పెడతారు కదా. పేరు తోకల్ని మూలల దాకా లాగొద్దు. కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చాక ఆ పసుపు అంతా పాకుతుంది.

స్టేజీ వెనక పేర్లు నియాన్‌లో పెట్టిస్తున్నారా? ఈమధ్య అందరూ అడుగుతున్నారు. అక్కడ లావుసన్నాల రాత పనికిరాదు. నియాన్ ఫ్లెక్స్ పైపు మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, చిన్న వంపు తిరగదు. తెలుగు పేరు పెట్టాలంటే పెద్దగా పెట్టాలి, వత్తుని విడి ముక్కగా చేయాలి. "త్స్న" అన్నారు కాబట్టి ముందే చెబుతున్నా, వెడల్పు కనీసం మనిషి చేతులు చాపినంత లేకపోతే నేను ఒప్పుకోను. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట పెళ్లయితే గాలికి బోర్డు కట్టుదిట్టంగా ఉండాలి, అది వేరే కథ.

షాపు బోర్డుల వాళ్లు కూడా ఇలాంటి సన్నటి రాతలు తెస్తున్నారు, కేఫులూ బొటీక్‌లూ మరీనూ. స్కూటర్ మీద వెళ్లేవాడికి కనబడదయ్యా అంటే వినరు. వినైల్ కట్ చేశాక సన్నముక్కలు పీకేటప్పుడే చిరిగిపోతాయి. మిగిలినవి ఉప్పుగాలికి అంచుల దగ్గర లేస్తాయి. లోపల గోడ మీదికో, బట్టల ట్యాగ్ మీదికో, మిఠాయి డబ్బా మూత మీదికో అయితే చక్కగా ఉంటుంది.

---

వాల్తేరు అక్క

చాలా థాంక్స్ అండీ అందరికీ. సెట్టింగ్ మార్చాను, లక్ష్మీదేవి కుదురుకుంది.

మా పెదనాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆయన్ని అడిగితే తెగ సంబరపడిపోయారు. కానీ ఆయన బాల్‌పాయింట్ పెన్నుతో రాస్తారు. గీతంతా ఒకే మందంలో వస్తోంది. పాళీ కొని ఇవ్వాలా? ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ పిల్లలెవరినైనా అడగమని మా తమ్ముడు అంటున్నాడు. పెదనాన్న నొచ్చుకుంటారేమోనని నా భయం.

ఇంకో సందేహం. సగంమందికి వాట్సాప్‌లోనే పంపుతాం. అందులో ఈ సన్నగీతలు ఉంటాయా?

---

పాత డీటీపీ

పెదనాన్నగారి చేతనే రాయించండి అమ్మా. పాళీ ఇప్పుడు చేతికిస్తే ఆయన రాత ఆయనది కాకుండా పోతుంది. పాళీ అలవాటుకి నెలలు పడుతుంది, మీకు అంత టైము లేదు. బ్రష్ పెన్ను అని స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది, మొన మెత్తగా ఉంటుంది. ఒక మధ్యాహ్నం తెల్లకాగితాల కట్ట ఇచ్చి, పేర్లు ఊరికే రాస్తూ కూర్చోమనండి. మొదటి కాగితాల్లో జాగ్రత్త ఎక్కువ ఉంటుంది, చెయ్యి బిగుసుకుని ఉంటుంది. కాఫీ తాగొచ్చాక రాసినవాటిలోంచి ఏరుకోండి. ఒక కాగితం మీద మొదటి అక్షరం బాగుండి, ఇంకోదాని మీద వత్తు బాగుంటే రెండూ కలిపి ఒకటి చేయొచ్చు, ట్రేస్ చేసేవాడికి అది పెద్ద పని కాదు. బ్రష్ పెన్ను ఆయనకి నచ్చకపోతే బాల్‌పాయింట్ రాతే తీసుకోండి. ట్రేస్ చేశాక గుండ్రాల కడుపు దగ్గర కొంచెం లావు చేసుకోవచ్చు.

ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి ఆ కాగితాలు ఇచ్చి అందంగా అమర్చిపెట్టమనండి. వాళ్లకీ పని, ఆయనకీ పరువు.

---

ఫాంట్ పిచ్చోడు

వాట్సాప్ సంగతి నేను చెబుతాను. ఫొటోగా పంపితే అది ఫైల్ని కుదించేస్తుంది, సన్నగీతల చుట్టూ మురికి పట్టినట్టు అవుతుంది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగానే పంపాలంటే ఫోన్‌కోసం విడిగా నిలువు డిజైన్ చేసి, పేర్లు స్క్రీన్ వెడల్పంతా వచ్చేలా పెట్టండి. ఎర్రరంగు మీద బంగారు రంగు అక్షరాలు ఫోన్‌లో కలిసిపోతాయి. మీగడ రంగు మీద ముదురు మెరూన్ అయితే ఎండలో చూసినా తేలుతుంది.

అన్నట్టు పాత డీటీపీ గారూ, అనెక్ థిన్‌కి చెయ్యి వాసన రాదన్నారు, ఒప్పుకుంటా. కానీ పెదనాన్నగారి రాత పక్కన అదే సరైన జోడీ అని నా వాదన. పేర్లలో లావుసన్నాలు ఉన్నప్పుడు మిగతాది ఒకే మందంలో ఉంటేనే పేర్లు బయటికి కనబడతాయి. మండలి పెడితే బరువెక్కుతుంది.

---

పాత డీటీపీ

వాదన బాగుంది తమ్ముడూ. కానీ థిన్ వద్దు, అందులోనే కొంచెం మందంగా ఉండే లైట్ గానీ రెగ్యులర్ గానీ వాడమను. శుభలేఖ ముందు చదివేది డెబ్బై దాటినవాళ్లు. ముహూర్తం 10.32 అన్నది 10.52లా కనబడితే తలంబ్రాలు అయ్యాక వస్తారు.

అమ్మా, ఆఖరుగా ప్రూఫ్ విషయం. స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పొద్దు. మీరు ఎంచుకున్న కార్డు మీదే, అసలు సైజులో ఒకటి తీయించండి. "అవిఘ్నమస్తు"లో ఘ కింద న వత్తు, "లక్ష్మీ"లో మ వత్తు కింద లైనులోని అక్షరాలకి తగలకుండా ఉన్నాయో లేదో మీ అమ్మగారికి చూపించండి, ఆవిడే కరెక్టుగా పట్టుకుంటారు. తగిలితే లైన్ల మధ్య ఖాళీ పెంచమనండి, అక్షరం తగ్గించమనొద్దు. కవర్లు మాత్రం నిగనిగలాడేవి తీసుకోకండి. వాటి మీద పెన్ను ఇంకు ఆరదు, పేర్లు రాసి సంచీలో వేస్తే అన్నీ అలికిపోతాయి.